రంగులు లేవని చెప్పే మనిషి

వేంపల్లె,
కార్తీక సోమవారం, 2005.

చిరంజీవి శ్రీవాణికి మీ నాయన దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, అంగడీ ముగ్గురం క్షేమం. కర్నూలులో నువ్వూ, నీ కాలేజీ, నీ ల్యాబులోని కంప్యూటర్లూ అంతే క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను. నీ ఉత్తరం శుక్రవారం చేరింది. చదివాను, మళ్లీ చదివాను, మీ అమ్మకు పైకి చదివి వినిపించాను. ఈ మధ్యాహ్నం బేరం పలచగా ఉంది. ఉపవాసాల రోజు కదా, ఆడవాళ్లు దీపాలు పెట్టేదాకా బజారుకు రారు. అందుకని గల్లాపెట్టె మీద కాగితం పరుచుకొని కూర్చున్నాను. ఫోను చేస్తే అయిపోతుంది కదా అని మీ అమ్మ అంటోంది. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. సగం చెప్పగానే "సరేలే నాయనా, నేను చూసుకుంటాలే" అంటావు. ఈసారి చెప్పాల్సింది సగంలో ఆపేది కాదు. ఓపిగ్గా చదువు.

ముందు నీ ప్రశ్నలు. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. ప్రొద్దుటూరు డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. మన అంగడికున్నవి మూడే మెట్లు కాబట్టి వాటిని ఆమె మెట్ల కింద జమ కట్టడం లేదు. చెప్పి చెప్పి నేను ఊరుకున్నాను. నువ్వు అడిగిన శనక్కాయల పొడి కొట్టి పెట్టింది. కర్నూలు బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతాం. బస్టాండుకు పోయి తీసుకో, పోయినసారి లాగా వాళ్ల దగ్గరే వదిలేసి మరిచిపోవద్దు. వానలకు ఈ ఏడు లోటు లేదు. పాపాఘ్నిలో నీళ్లు పారుతున్నాయి. ఎప్పుడూ ఇసుక చూసే జనం కదా, వంతెన మీద నిలబడి చూసేవాళ్లతో బస్సులకు దారి దొరకడం లేదు. పల్లెల్లో శనక్కాయ చేతికొస్తే మాఘమాసం పెండ్లిళ్లకు చీరలు బాగానే కదులుతాయి.

కంటి ఆసుపత్రికి ఎప్పుడు వస్తావు, డాక్టరుతో మాట్లాడి పెట్టాను అని రాశావు. దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ ముందు నీ పని సంగతి మాట్లాడదాం. నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను బాధపెట్టింది అదే.

నువ్వు రాసింది నాకు అర్థమైనంత వరకు తిరిగి చెప్తాను, తప్పయితే దిద్దు. మీరందరూ ప్రోగ్రాములు రాసుకోవడానికి వాడే ఎడిటర్ ఒకటుంది. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరైనా వాడుకోవచ్చు. దాని లోపలి రాతను, అదే మీరు సోర్స్ కోడ్ అనేదాన్ని, ఎవరైనా తెరిచి చూసి, బాగుచేసి పంపవచ్చు. ఆ ఎడిటర్ మొదలు కాగానే తన ఎదురుగా ఉన్న తెరను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నువ్వు రంగులు చూపించగలవా, ఎన్ని చూపించగలవు, అక్షరాన్ని లావు చేయగలవా, కింద గీత గీయగలవా, బొమ్మలు పెట్టగలవా అని. తెర చెప్పిన జవాబును బట్టి ఏది ఎట్లా చూపించాలో తేల్చుకుంటుంది. అంగడికి వచ్చిన మనిషి అక్కర కనుక్కొని మనం గుడ్డల తాను దించినట్టే. ఇంతవరకు నాకు బాగానే తలకెక్కింది.

మీ ల్యాబులో ఉన్న పాత నలుపు తెలుపు తెరలు ఆ ప్రశ్నలకు తప్పు జవాబు చెప్పేవి. పాపం వాటి తప్పు కాదు, ఎవరో వాటికి రంగు తెరల పేరు పెట్టి ఉంచారు. ఎడిటర్ ఆ పేరు నమ్మి రంగులు పంపేది, పిల్లలకు సగం మాటలు కనపడేవి కావు. అందుకని నువ్వు ఆ ప్రశ్నలడిగే చోటికే పోయి ఒక కొత్త వీలు కల్పించావు. తెర ఒక్కటే కాదు, తెర ముందు కూర్చున్న మనిషి కూడా జవాబు చెప్పవచ్చు. రంగులు లేవనుకో అని మనిషి చెబితే ఎడిటర్ రంగులు మానేసి లావు అక్షరాలతో, కింది గీతలతో పని నడపాలి. తెర మాటా మనిషి మాటా కలవకపోతే మనిషి మాటే నెగ్గాలి. నీ ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం చదివి నేను కాగితం కింద పెట్టి కాసేపు బజారు వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

చేతకాకపోయినా బజారంతా చెప్పాను లే. పక్కనున్న ఎరువుల అంగడి కంబన్నకు చెబితే, "దేశదేశాలోళ్లు వాడేదాన్ని మన శ్రీవాణి రిపేరు చేసిందా? ఎంతిస్తారప్పా దానికి?" అని అడిగాడు. ఏమీ ఇవ్వరు, అందరూ ఊరికే చేస్తారు అన్నాను. "ఊరికే చేసేదానికి కర్నూలు దాకా పోవల్లనా, ఈడ నా కంప్యూటరు ఆర్నెల్లుగా మూలపడి ఉండాది, అది చేయకూడదా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. వాడికి అర్థమయ్యేటట్టు చెప్పడం నాకు రాదు, చెప్పినా వాడు వినడు.

అంత పని చేసిన దానివి ఇప్పుడు వెనకడుగు వేస్తున్నావు. మీ కాలేజీ పాత తెరలన్నీ తీసేసి కొత్త రంగు మానిటర్లు పెట్టింది. ఆ ఎడిటర్‌ను చూసుకునే పెద్దమనిషి, ఏ దేశమో నువ్వు రాయలేదు, నీకు మెయిల్ పంపాడు. నీ పని శుభ్రంగా ఉంది, కానీ ఇప్పుడు అందరి తెరలకూ రంగులున్నాయి, రంగులున్న తెర ముందు కూర్చొని లేవని చెప్పే మనిషి ఎవరు, అట్లాంటివాడిని ఒక్కడిని చూపించు, లేకపోతే ఈ నెలాఖరుకు ఆ భాగం తీసేస్తాను అన్నాడు. నువ్వు దానికి జవాబు రాయలేక నన్ను సలహా అడిగావు. చూపించడానికి నాకు ఎవరూ లేరు నాయనా, ఆయన తీసేసేలోపల నేనే వెనక్కి తీసుకుంటే మర్యాదగా ఉంటుందేమో అని రాశావు. ఏడాది పాటు సాయంత్రాలన్నీ కూర్చొని చేసిన పని. ఆ వాక్యం దగ్గర నీ చేతిరాత కూడా చిన్నదైపోయింది.

వెనక్కి తీసుకోవద్దు. ఎందుకో చెప్తాను.

దసరాకు వచ్చినప్పుడు జ్ఞానరాజు నెట్ సెంటరులో నీ ఎడిటర్ ఎక్కించి పెట్టావు కదా, నాకు చూపిద్దామంటే ఆ రోజు కరెంటు పోయింది. మొన్న శనివారం పొద్దున అంగడి మీ అమ్మకు అప్పగించి నేనే పోయాను. జ్ఞానరాజు మర్యాదస్తుడు. పిల్లలు ఆటలాడుకునే కంప్యూటరు ఒకటి ఖాళీ చేయించి కుర్చీ తుడిచి వేశాడు.

"ఏం శెట్టిగారూ, మీరు గూడా ఈమెయిలు పెట్టుకుంటాండారా?" అన్నాడు.

"అదేం వద్దుగానీ, మా పాప ఒకటి ఎక్కించి పోయింది గదా, అది తెరువు. నేను చూడల్ల" అన్నాను.

తెరిచాడు. నల్లటి తెర మీద వరసలు వరసలుగా ఇంగ్లీషు రాత వచ్చింది. అతను వేలు పెట్టి చెప్పుకుంటూ పోయాడు. "ఈ ఎర్రగా ఉండేవన్నీ తప్పులు, సరిచేయల్ల. ఈ ఆకుపచ్చగా ఉండేవి రాసినోళ్లు తమకోసరం పెట్టుకున్న గుర్తులు. రంగు చూస్తానే తెలిసిపోతాది." నేను తలాడించాను. తర్వాత జేబులో నుంచి నీ ఉత్తరం తీసి, మనిషి జవాబు చెప్పడానికి ఏం కొట్టాలని నువ్వు రాశావో ఆ వరస చూపించాను. అతను అట్లాగే కొట్టాడు. తెర ఒకసారి కదిలి నిలబడింది. రంగులు పోయాయి. తప్పున్న మాటల కింద గీతలు వచ్చాయి, గుర్తులు లావెక్కాయి. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు. అయినా నేను వేలు పెట్టి, "ఈడ తప్పుండాది, ఈడొక తప్పు, ఇది గుర్తు" అని పైనుంచి కింది దాకా నేనే చెప్పుకుంటూ పోయాను. ఒక్కటీ పొల్లుపోలేదు.

"శానా బాగా పట్టినారే" అన్నాడు జ్ఞానరాజు. "కానీ రంగులతోనే చూడను బాగుంటాది గదా. మళ్లీ రంగులు పెట్టేదా?"

"వద్దప్పా, ఇట్లనే ఉండనీ" అన్నాను. కండ్లు తుడుచుకున్నాను. మంచినీళ్లు అడిగి తాగి, ఆ తెర ముందే చాలాసేపు కూర్చున్నాను. జ్ఞానరాజు ఏమనుకున్నాడో ఏమో, ఎవరినీ నా పక్కకు రానివ్వలేదు.

నాకు ఎందుకట్లా అయిందో తెలియాలంటే దసరా ముందు రోజు సంగతి చెప్పాలి. మీ అమ్మ రాయచోటిలో మీ పిన్ని ఇంటికి పోయింది. నువ్వు అంగడిలోకి వచ్చి, "ఏంది నాయనా ఈ బీరువాలు, సంత మాదిరి ఉండాయి" అని చున్నీ నడుముకు కట్టుకొని రవిక గుడ్డల తానులన్నీ దించావు. దులిపి, తుడిచి, లేతవి పైన, ముదురువి కింద, కర్నూలు షాపుల్లో మాదిరి పేర్చావు. చిన్న కత్తెర తీసుకొని అంచుల్లో వేలాడుతున్న దారాలన్నీ కత్తిరించావు. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చొని చూస్తూనే ఉన్నాను. ఆపమని నోటిదాకా వచ్చింది, ఆపలేకపోయాను. అంత సంతోషంగా చేస్తున్నావు మరి.

ఆ సాయంత్రం నువ్వు కాఫీకని ఇంట్లోకి పోయిన సందులో లక్ష్మీదేవమ్మ వచ్చింది. వాళ్లది పెద్ద సేద్యం, వాళ్ల ఇంట్లో ఏ శుభకార్యమైనా బట్టలు మన దగ్గరే. కూతురి సీమంతం, ఆకుపచ్చ చీర మీదికి ఆకుపచ్చ రవిక గుడ్డ కావాలంది. కోసి మడిచి ఇచ్చాను. పండుగ పూట పొద్దున్నే ఆమె తిరిగి వచ్చి నీ ముందే ఆ గుడ్డ పరిచింది. "ఏమప్పా శెట్టీ, సీమంతానికి ఆకుపచ్చది అడిగితే కాఫీపొడి రంగుది కోసిచ్చినావే. కండ్లు కనపడ్డం లేదా నీకు?" అంది. నువ్వు తల దించుకొని వేరే ముక్క కోసి ఇచ్చావు. అప్పటి నుంచి నాకు కంట్లో శుక్లాలు వచ్చాయని నీకు ఒకటే బెంగ.

నా కంట్లో శుక్లాలు లేవు తల్లీ. ఈ వయసులోనూ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. వీధి చివర వచ్చేది ఎవరో నడక చూసి చెప్తాను. నాకు లేనిది వేరే. ఎరుపుకూ, ఆకుపచ్చకూ, కాఫీపొడి రంగుకూ నాకు తేడా తెలియదు. ఇప్పుడు వచ్చింది కాదు, పుట్టినప్పటి నుంచీ అంతే. పసుపు తెలుసు, నీలం తెలుసు. ఆ మూడూ మాత్రం కొంచెం లేతా ముదురూ తప్ప నా కంటికి ఒకటే మట్టిరంగు. ముప్పై ఏళ్లుగా వేంపల్లె బజారులో బట్టలమ్ముతున్నాను, ఈ మాట మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మా నాయన కూడా తెలియకుండానే పోయాడు.

చిన్నప్పుడు మా అమ్మ పెరట్లో పండు మిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివీ పండువీ కలిపి తెచ్చి దెబ్బలు తినేవాడిని. సోమరిపోతునని ఆమె అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. అంగడిలో కూర్చోబెట్టాకే ఇది సోమరితనం కాదని తెలిసింది. అప్పుడు బయట పెడితే అంగడి మీ పెదనాయనకు పోయేది, ఎరుపు తెలియనివాడికి బట్టల అంగడి ఎవరిస్తారు. నోరు మూసుకొని నేత మీదా నూలు మీదా పట్టు సంపాదించాను. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో, రంగు దిగుతుందో దిగదో చెప్తాను, ఈ పొద్దుకూ బజారులో నన్ను మించినవాడు లేడు. రంగు మాత్రం కొనేవాళ్ల నోటితోనే చెప్పించేవాడిని. ఏది నచ్చిందో మీరే వేలు పెట్టి చూపించండమ్మా అంటే మర్యాద కింద లెక్కగట్టేవాళ్లు.

మీ అమ్మ దగ్గర ఆ ఎత్తు పారలేదు. పెండ్లయిన కొత్తలో ఆమెకని నేనే ఏరి ఒక చీర తెచ్చి, ఎర్ర చీర అని చేతికిచ్చాను. ఆమె ఏమీ అనకుండా కట్టుకొని గండి ఆంజనేయస్వామి గుడికి వచ్చింది. అక్కడ మా వదిన, "కొత్త పెండ్లికూతురికి ఈ కాఫీపొడి చీర ఎవరు తెచ్చిచ్చినారు?" అని నలుగురిలో నవ్వింది. ఇంటికి వచ్చాక మీ అమ్మ పెరట్లో నుంచి ఒక ఆకు తుంచి తెచ్చి, తన నుదుటి కుంకుమ పక్కన పెట్టుకొని నా ముందు నిలబడింది.

"నిజం చెప్పండి. ఈ రెండూ మీకు ఒకటే మాదిరి కనపడతాండాయా?"

"దాదాపు" అన్నాను.

మీ అమ్మ నవ్వలేదు. ఎవరికీ చెప్పలేదు. మరుసటి రోజు భోజనాలయ్యాక సూదీదారం కొంగుచాటున పెట్టుకొని అంగడికి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పట్లో మన ఇళ్లలో ఆడవాళ్లు అంగట్లో కూర్చునేవాళ్లు కాదు. మా అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. మీ అమ్మ పట్టించుకోలేదు. కొత్త తాను ఏది వచ్చినా దాని మూలన, కొనేవాళ్ల కంటికి ఆనకుండా ఆ రంగు దారంతోనే గుర్తు కుట్టేది. ఎరుపుకు ఒక కుట్టు. ఆకుపచ్చకు పక్కపక్కన రెండు. కాఫీపొడి రంగుకు అడ్డంగా నిలువుగా ఒకదాని మీద ఒకటి. తాను బీరువాలో నుంచి బయటికి తీసేలోపలే నా బొటనవేలికి రంగు తెలిసిపోతుంది. ఇన్నేళ్లలో ఆ వేలు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నువ్వు మిల్లు దారాలనుకొని కత్తిరించినవి ఆ కుట్లే.

నువ్వు నొచ్చుకోవద్దు. మేము చెప్పలేదు, నీకు తెలియదు. నువ్వు కర్నూలు పోయిన మరుసటి రోజు మీ అమ్మ మోకాలు చాపుకొని కూర్చొని అన్నీ మళ్లీ కుట్టేసింది. నీకు ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు విడిచి రాస్తున్నాను, బట్టల గురించి నాకు తెలియనిది లేదని చిన్నప్పటి నుంచీ నీ నమ్మకం. ఆ నమ్మకం పోతుందని భయపడ్డాను. నీకు ఈ లోపం రాలేదు లే. నీ మూడో ఏట మీ అమ్మ రంగు పెన్సిళ్లు నేల మీద పోసి ఒక్కొక్కటి అడిగింది. నువ్వు గబగబా అన్నీ చెప్పావు. ఆ పూట ఇంట్లో ఓళిగలు చేసింది. ఏం పండుగని మా అమ్మ అడిగితే, "తినాలనిపించింది, చేసినా" అంది.

నెట్ సెంటరులో నా కండ్లలో ఎందుకు నీళ్లు తిరిగాయో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. రంగు తెలియని చోట మీ అమ్మ కుట్టు వేసింది, నువ్వు గీత గీశావు. మీ అమ్మ చేసింది నన్ను చూసి, నా కోసం. నువ్వు నా సంగతి ఏమీ తెలియకుండానే, ఎవరో ముక్కూముఖం తెలియని పిల్లల కోసం చేశావు. ఎవరూ నీకు నేర్పలేదు. ఇన్నేళ్లలో ఏ వస్తువూ నన్ను, నీకు ఎట్లా కనపడుతోందయ్యా అని అడగలేదు. నా కూతురు రాసిన రాత అడిగింది. నేను జవాబు చెబితే నా మాట విన్నది. ఇంతకంటే ఏం కావాలి నాకు.

ఆ పెద్దమనిషి ఇంకో మాట అనవచ్చు. రంగులు నచ్చకపోతే మార్చుకునే వీలు ముందు నుంచే ఉంది కదా అని. జ్ఞానరాజు నాకు అదీ చేసి చూపించాడు. ఎరుపు తీసి ఇంకేదో పెట్టాడు, అది వేరేదానితో కలిసిపోయింది. అది మారిస్తే మరొకటి. ఏది దేనితో కలుస్తోందో నేను చెప్పలేను, అతనికి కనపడదు. కలిసిపోయిన రంగులు ఏవో తెలిసినవాడే వాటిని మార్చగలడు, తెలిసినవాడికి మార్చే అక్కరే లేదు. ఈ మాట నీ ఇంగ్లీషులో గట్టిగా రాయి.

నువ్వు ఇది చదవగానే ఏమంటావో నాకు తెలుసు. "వద్దు నాయనా, ఊరంతా తెలిస్తే అంగడి ఏమవుతుంది, ఎదురంగడివాళ్లు డప్పు కొడతారు" అంటావు. నువ్వట్లా అనే వీలు లేకుండా నిన్న ఒక పని చేశాను. లక్ష్మీదేవమ్మ వచ్చింది, మాఘమాసంలో కొడుకు పెండ్లి, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలన్నీ ఒకేసారి తీయాలని. మీ అమ్మ పక్కనే ఉంది. చీరలు దించకముందే చెప్పాను.

"అమ్మా, దసరాకు నీకు కాఫీపొడి రంగు గుడ్డ కోసిచ్చింది కండ్లు మసకలై కాదు. నాకు పుట్టినప్పటి నుంచి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలీదు."

ఆమె నా వైపు చూసింది. "తమాషా చేస్తాండావా శెట్టీ? మా పెద్దకోడలి పెండ్లి చీర నువ్వే గదా తీసిచ్చింది."

"రంగు చెప్పింది ఇదిగో, మా రాజ్యలక్ష్మి. నేత చెప్పింది నేను" అన్నాను.

ఆమె మీ అమ్మను చూసింది, నన్ను చూసింది. "ఇంటికి పోయి మాట్లాడుకొని చెప్తాలేప్పా" అని లేచి పోయింది. ఈ పొద్దు ఇంకా కబురు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. ఈ ఏటికి అదే మనకు పెద్ద బేరం, ఆ సంగతి నీ దగ్గర దాచను. నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున మీ అమ్మ కాఫీ చేతికిస్తూ అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పోతే పోనీండి. నేనింగ దొంగమాదిరి సూదీదారం కొంగుచాటున పెట్టుకొని కూర్చునేదే లేదు. అందరి ముందరా కుడతా. ఆ బిడ్డకు రాసేయండి. మనం గుట్టు కాపాడుకుంటా కూర్చొని దాని పనిని పాడుచేసుకుంటామా?"

అన్నట్టే చేసింది. ఇప్పుడు నేనిది రాస్తుంటే మెట్ల మీద వెలుతురులో కూర్చొని, బజారులో పోయేవాళ్లందరూ చూస్తుండగా కొత్త తానులకు కుట్లు వేస్తోంది. కంబన్న వచ్చి ఏం చేస్తాండావమ్మా అని అడిగితే వాడికి కూడా చెప్పింది. వాడు తల గోక్కొని, "అందుకేనా నా ఎర్ర కండువాను పచ్చ కండువా అనేటోడివి" అని నన్ను చూసి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అనుకున్నంత కష్టంగా లేదు.

కాబట్టి ఈ ఉత్తరం నీకు చేరగానే ఆ పెద్దమనిషికి మెయిల్ పంపు. రంగులున్న తెర ముందు కూర్చొని లేవని చెప్పే మనిషిని చూపించమన్నారు, చూపిస్తున్నాను అని మొదలుపెట్టు. ఆ మనిషి ముందున్న తెరకు ఏ లోపమూ లేదు, మీ ఎడిటర్ ఇన్నాళ్లూ ఆ తెరను అడిగి ఊరుకుంది, మనిషిని అడగలేదు, ఈ మార్పు తర్వాత అడిగింది, ఆ మనిషి జవాబు చెప్పాడు, పని జరిగింది అని రాయి. ఆ పెద్దమనిషి ఒప్పుకుంటాడో లేదో నేను చెప్పలేను. ఒప్పుకోకపోయినా నువ్వు తల దించుకోవాల్సిన పని లేదు, అది పనికొచ్చిందని నేను కళ్లారా చూశాను. ఒక్క మాట మాత్రం విను. మాకు తెలిసిన ఒకాయన అని రాయవద్దు. మా బంధువు అనీ రాయవద్దు. పేరు, ఊరు, చేసే పని, అడుగున నేను ఎట్లా రాశానో అట్లాగే రాయి. చేసే పని అసలే దాచవద్దు.

ఇట్లు,
ఆయన చూపించమన్న ఆ ఒక్కడు,
మీ నాయన
కేశవయ్య,
బట్టల వ్యాపారి,
వేంపల్లె.